నోటిమాటకు అప్పీలు ఉండదు

“అక్కా, తెలంగాణ కాగితం ఇక్కడ చెల్లుతుందా?”

నా దుకాణంలో అన్నిటికంటే ఎక్కువగా వినపడే ప్రశ్న ఇదే. మాది నాందేడ్ జిల్లా, గోదావరికి దగ్గర. పొద్దున రైలెక్కి బాసర అమ్మవారి దర్శనం చేసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. ఊరి పేరు మాత్రం రాయను. తహసీల్ కచేరీ ఎదురుగా టైపింగు, జిరాక్సు చేసుకుని బతికేదాన్ని, రేపు మళ్ళీ ఆ మెట్లే ఎక్కాలి.

నా పుట్టిల్లు భైంసా వైపు. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, తాతల నాటి కాగితాల్లో ఉర్దూ. మా ప్రాంతంలో ఇది విడ్డూరం కాదు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు ఆదిలాబాదుకు పోయాయి. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు నిజామాబాదుకు పోయాయి. ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు, ఇస్లాపూర్ సర్కిల్ ఇటు వచ్చాయి. అంటే మా అమ్మమ్మ పెళ్ళినాటికి భైంసా, ఇప్పుడు నేనున్న ఊరు ఒకే జిల్లా. గీత గీసినా పెళ్ళిళ్ళు ఆగలేదు కాబట్టి, ఒకే ఇంటి పెట్టెలో రెండు రాష్ట్రాల కాగితాలు ఉండటం మాకు మామూలే. కచేరీ వాళ్ళకే అది ప్రతిసారీ కొత్తగా కనిపిస్తుంది.

నేను వకీలును కాను. మామగారు ఈ బల్ల మీదే అర్జీలు రాసేవారు. ఆయన దగ్గర చట్టం పుస్తకాలు ఉండేవి, అవి నాకు వచ్చాయి, చదివాను. నేను రాసే అర్జీల కింద ఏ సెక్షనో తెలియకుండా సంతకం పెట్టించడం నాకు నచ్చదు. కిటికీ దగ్గర ‘కాదు’ అనిపించుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి చట్టప్రకారం రావలసినదే ఉంటుంది. కానీ ఆ ‘కాదు’ వాళ్ళ చేతిలో ఉండదు. ఎవరన్నారో, ఏ రోజు అన్నారో, ఎందుకన్నారో రుజువు లేదు. రుజువు లేని ‘కాదు’ మీద పైఅధికారి దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది, “ఏదీ, తిరస్కరించిన ఉత్తర్వు చూపించు” అని.

కిందటి వానాకాలంలో ఒక పెద్దమ్మ వచ్చింది. భర్త నిజామాబాదు ఆసుపత్రిలో పోయాడు. మరణ ధ్రువపత్రం అక్కడి నగరపాలక సంస్థ ఇచ్చింది. ఇక్కడ ఊళ్ళో రెండెకరాల చేను ఆయన పేరు మీద ఉంది. సాత్‌బారాలో, అంటే ఊరి భూమి రికార్డులో, ఆ పేరు తీసి వారసుల పేర్లు ఎక్కించుకోవాలి. కచేరీలో “ఇది పరరాష్ట్రం దాఖలా, ఇక్కడిది తీసుకురా” అన్నారట. గ్రామపంచాయతీకి వెళ్తే “ఇక్కడ చనిపోలేదు కదా, మేమెలా ఇస్తాం” అన్నారట.

“ఎవరన్నారు పెద్దమ్మా?”

“లోపల అద్దాలు పెట్టుకున్న ఆ సాహెబు.”

“కాగితం మీద రాసిచ్చాడా?”

“రాసిచ్చేదేముంది బిడ్డా, చెయ్యి ఊపాడు.”

పంచాయతీ చెప్పింది న్యాయమే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని అది ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేస్తారు. మనిషి సొంత ఊరు ఏదన్నది లెక్కలోకి రాదు. సరిహద్దు ఇవతల ఉన్న మాకు పెద్ద జబ్బు చేస్తే నిజామాబాదో హైదరాబాదో పోతాం, కాబట్టి మా చావులు కూడా సగం అటే నమోదవుతాయి. ఆ చట్టం పార్లమెంటు చేసినది, రెండు రాష్ట్రాల రిజిస్ట్రార్లూ దాని కిందే పనిచేస్తారు. నిజామాబాదు ముద్రకు నాందేడులో విలువ తగ్గడానికి కారణం ఏమీ లేదు. రాజ్యాంగంలో 261వ అధికరణం కూడా ఉంది. కేంద్రం, రాష్ట్రాలు తయారుచేసిన ప్రభుత్వ రికార్డులకు దేశమంతటా పూర్తి విశ్వాసం ఇవ్వాలని అది చెబుతుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని అధికరణం. మాలాంటి సరిహద్దు జిల్లాల కోసమే రాశారా అనిపిస్తుంది నాకు.

అర్జీ అరపేజీ కూడా కాలేదు. భర్త ఫలానా తేదీన చనిపోయాడు, ధ్రువపత్రం జతచేశాను, వారసుల నమోదు చేయగలరు. చివర ఒక్క వాక్యం నేను చేర్చాను: “పై ధ్రువపత్రాన్ని స్వీకరించడానికి వీలు లేకపోతే, ఏ చట్టంలోని ఏ నియమం ప్రకారం వీలు లేదో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థన.” రెండు ప్రతులు. ఒకటి ఆవక్ గుమాస్తాకు, అంటే వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే ఆయనకు ఇచ్చి, రెండో దాని మీద ఆవక్ నంబరు, తేదీ, కచేరీ ముద్ర వేయించుకుని రమ్మన్నాను. ఆమె ముద్ర ఎండేదాకా ఊదుకుంటూ తీసుకొచ్చింది.

ఆ వాక్యానికి జవాబు ఇప్పటికీ రాలేదు. ఫేర్‌ఫార్ (రికార్డులో పేరు మార్పు) నోటీసు మాత్రం ఊరి చావడిలో అంటించారు.

ఈ ఫేర్‌ఫార్ వ్యవహారం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. మహారాష్ట్ర భూమి రెవెన్యూ కోడ్ 1966 ప్రకారం వారసత్వంగా భూమి వచ్చినవాళ్ళు మూడు నెలల్లోగా తలాఠీకి, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగికి తెలియజేయాలి. 2024లో తలాఠీని గ్రామ మహసూల్ అధికారి అన్నారు గానీ మా దగ్గర ఇప్పటికీ అందరికీ తలాఠీయే. ఆయన ఫేర్‌ఫార్ రిజిస్టరులో రాసి, చావడిలో నోటీసు పెట్టి, సంబంధం ఉన్నవాళ్ళకు కబురు పంపుతాడు. అభ్యంతరం చెప్పడానికి పదిహేను రోజులు ఉంటాయి. ఎవరూ చెప్పకపోతే మండల అధికారి (తలాఠీ పైన ఉండే సర్కిల్ అధికారి) మంజూరు చేస్తాడు. చెబితే అది తక్రారు కేసుగా మారుతుంది, విచారణ జరుగుతుంది, ఇరుపక్షాల మాటా వినాలి. నిర్ణయం నచ్చనివాళ్ళు ప్రాంత సాహెబ్ (సబ్‌డివిజన్ అధికారి) దగ్గర అరవై రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు.

అన్నదమ్ములు కొట్టుకుని వచ్చినప్పుడు నేను చెప్పేది వేరే ఉంది. సాత్‌బారాలో పేరు ఎక్కినంత మాత్రాన భూమి సొంతం కాదు. అది ప్రధానంగా శిస్తు లెక్క కోసం పెట్టిన రికార్డు. హక్కు ఎవరిదో తేల్చేది దివానీ (సివిల్) కోర్టు. సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నోసార్లు చెప్పింది. అలాగని పేరు ఎక్కకపోయినా ఏమీ కాదని ఊరుకోకూడదు. తప్పని రుజువయ్యేదాకా ఆ నమోదు నిజమేనని చట్టం అనుకుంటుంది. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అన్నీ దాని మీదే నడుస్తాయి. పేరులో అక్షరం తప్పు, విస్తీర్ణంలో అంకె తప్పు లాంటి రాత పొరపాట్లు అయితే అప్పీలుదాకా పోనక్కర్లేదు, 155వ సెక్షన్ కింద తహసీల్దారుకు అర్జీ పెడితే సరిదిద్దుతారు. 2025లో ప్రభుత్వమే ‘జివంత్ సాత్‌బారా’ అని కార్యక్రమం పెట్టి, చనిపోయినవాళ్ళ పేర్లు తీసి వారసులవి ఎక్కించే పని మొదలుపెట్టింది. అది నడుస్తున్నప్పుడు వెళ్ళినవాళ్ళకు పని సులువుగా అయింది. వెళ్ళనివాళ్ళు ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నారు.

ఇంకో చిన్న సంగతి. డిజిటల్ సంతకం ఉన్న సాత్‌బారా ఉతారా (నకలు) ఇంటర్నెట్‌లో పదిహేను రూపాయలకు వస్తుంది. దాని మీద తలాఠీ సంతకం అవసరం లేదు. అయినా “సంతకం చేయించుకుని రా” అని వెనక్కి పంపే బ్యాంకు గుమాస్తాలు ఉన్నారు. వాళ్ళకూ అదే మందు: ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

ఇంతకీ కచేరీ వాళ్ళు ఎందుకు రాసివ్వరు? కొంతమంది డబ్బు కోసం తిప్పుతారు, నిజమే. కానీ అందరినీ ఆ గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. తలాఠీలను తిట్టడం మా బజారులో పెద్ద కాలక్షేపం. ఒక్కొక్కరి మెడ మీద ఎన్ని ఊళ్ళున్నాయో తిట్టేవాళ్ళు చూడరు. తప్పుడు నమోదు చేస్తే వేటు పడేది వాళ్ళ మీదే. తెలంగాణ ధ్రువపత్రం చూడగానే వాళ్ళకు భయం వేస్తుంది. ఒప్పుకుంటే రేపు ఎవరైనా ప్రశ్నిస్తారేమో, కాదని రాస్తే ఆ రాత తమకే చుట్టుకుంటుందేమో. నోటితో ‘కాదు’ అని పంపేస్తే రెండు గండాలూ తప్పుతాయి.

ఆ భయం ఉత్తది కాదు. 1977లో మొహీందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. అధికారి ఇచ్చిన ఉత్తర్వు నిలుస్తుందా లేదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి. తర్వాత కోర్టుకు వచ్చి ప్రమాణపత్రంలో కొత్త కారణాలు అతికించడం కుదరదు. ఈ ఒక్క తీర్పు వల్ల రాసిన కారణానికి ఎంత బరువు వచ్చిందో ఆలోచించండి. “పరరాష్ట్రం దాఖలా కాబట్టి తిరస్కరించాను” అని ఒకసారి సంతకం పెడితే ఆ సాహెబు దాన్ని ప్రాంత సాహెబ్ ముందు, కలెక్టరు ముందు, హైకోర్టు ముందు మోయాలి. పెద్దమ్మ అర్జీలోని చివరి వాక్యం అడిగింది ఆ సంతకమే.

రాసివ్వమని అడగడం దయాభిక్ష కోరడం కూడా కాదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షనులో, పరిపాలనా నిర్ణయానికి కారణాలను దానివల్ల ప్రభావితులైనవాళ్ళకు తెలపాలని ఉంది. మహారాష్ట్రలో లోకసేవా హక్కు చట్టం 2015 ఇంకా స్పష్టంగా చెబుతుంది. నోటిఫై చేసిన సేవకు గడువు ఉంటుంది, అర్జీకి రసీదు ఇవ్వాలి, తిరస్కరిస్తే కారణం రాసి తెలియజేయాలి. తిరస్కరించినా, గడువు దాటినా ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత రెండో అప్పీలు, ఆపైన కమిషన్. తప్పు తేలితే అధికారి మీద అయిదు వందల నుంచి అయిదు వేల రూపాయల దాకా జరిమానా. ఆదాయ దాఖలా, రహివాసీ (నివాస) దాఖలా లాంటివన్నీ దీని కిందికి వస్తాయి. ‘ఆప్‌లే సర్కార్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో అర్జీ పెట్టినప్పుడు వచ్చే నంబరును ఫోనులో ఫొటో తీసుకోండి. గడువు లెక్క దానితోనే మొదలవుతుంది. సేవా కేంద్రం నడిపేవాడు చేత్తో చీటీ మీద రాసిచ్చిన తేదీ దేనికీ పనికిరాదు.

ఈ చట్టం కిందికి రాని పనులకు మరొకటి ఉంది, మరాఠీలో దాన్ని దఫ్తర్ దిరంగాయీ చట్టం అంటారు. 2005 నాటిది. ఉద్యోగుల బదిలీల కోసం చేసిన చట్టంలోనే ఆలస్యం సంగతి కూడా కలిపారు. మామూలుగా ఏ ఉద్యోగి దగ్గరా ఫైలు ఏడు పనిదినాలకు మించి ఆగకూడదు. ఇంకో శాఖను అడగనక్కర్లేని వ్యవహారంలో నలభై అయిదు రోజుల్లో నిర్ణయం రావాలి. కావాలని ఆపితే శాఖాపరమైన చర్య. దీని కింద ఎవరికైనా శిక్ష పడటం నేను చూడలేదు. కానీ గుర్తుచేసే ఉత్తరంలో ఈ చట్టం పేరు కనిపిస్తే ఫైలు ఒక బల్ల దాటడం చూశాను.

స్టాంపు కాగితాల గురించి రాస్తే మా పక్క దుకాణం ఆయనకు కోపం. ఆయన స్టాంపు వెండరు, ఇప్పటికే నాతో అంతంతమాత్రం. అయినా రాస్తాను. ఆదాయం, రహివాసం, కులం దాఖలాల కోసం ప్రభుత్వ కచేరీకి ఇచ్చే ప్రమాణపత్రానికి మహారాష్ట్రలో స్టాంపు డ్యూటీ లేదు, 2004 నుంచీ మాఫీ. 2015లో చాలా పనులకు ప్రమాణపత్రమే అక్కర్లేదు, తెల్ల కాగితం మీద స్వయంప్రకటన చాలన్నారు. 2024లో వంద రూపాయల స్టాంపును అయిదు వందలు చేసిన తర్వాత, ఈ సంగతి తెలియనివాళ్ళ మీద పడే బరువు అయిదింతలైంది. కాలేజీ సీటు కోసం వచ్చిన కూలీ పిల్లవాడి దగ్గర అయిదు వందల స్టాంపు కాగితం చూస్తే నాకు కడుపు మండుతుంది. “ఎవరడిగారు?” అంటే “అందరూ తెస్తున్నారు” అంటాడు. ఎవరూ అడగలేదు! అడిగినట్టు ఎక్కడా రాసి లేదు. అయినా డబ్బు పోయింది.

ఇక మా ఇళ్ళలో కన్నీళ్ళు పెట్టించే ప్రశ్న కులం దాఖలా. తెలంగాణ నుంచి ఇటు కోడలుగా వచ్చిన అమ్మాయి, అక్కడ ఎస్సీ, ఎస్టీ లేదా బీసీ. చదువుకుంది, ఇక్కడ తలాఠీ పరీక్ష రాయాలనుకుంటుంది. తన తెలంగాణ దాఖలా చూపించి రిజర్వేషన్ అడగవచ్చా?

ఇక్కడ కచేరీ ‘కాదు’ అంటే అది చట్టప్రకారమే. మరణ ధ్రువపత్రానికి వర్తించిన 261వ అధికరణం దీనికి పనిచేయదు. దాఖలా నిజమైనదేనని ఈ రాష్ట్రం ఒప్పుకుంటుంది. కానీ ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల కింద ఒక్కో రాష్ట్రానికి సంబంధించి వేరువేరుగా ప్రకటిస్తారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన కేసు మన తెలుగు కుటుంబానిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న తండ్రి ఉద్యోగం మీద బొంబాయి వచ్చాడు. కొడుకు అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. సొంత రాష్ట్రంలోని హోదా వలస వెళ్ళిన రాష్ట్రానికి వెంట రాదని కోర్టు చెప్పింది. రెండు రాష్ట్రాల జాబితాలోనూ అదే పేరు ఉన్నా అంతే. పెళ్ళి అయి వచ్చినా అంతే. పాత జిల్లా అంతా ఒకటే కదా, అని అత్తగార్లు నాతో వాదిస్తారు. నేనేం చేయను? ఉద్యోగం, సీటు తెలంగాణలో అడిగితే ఆ అమ్మాయి హక్కు అక్కడ ఉంటుంది. ఇక్కడ సాధారణ వర్గంలో రాయాలి. ఈ మాట పెళ్ళికి ముందే చెప్పేవాళ్ళు లేరు. కట్నం లెక్కలు వేసే పెద్దలకు ఇది లెక్కలోకే రాదు.

అబ్బాయి వైపు, అంటే తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళ కష్టం వేరు. మహారాష్ట్రలో దాఖలా ఇచ్చేటప్పుడు ఫలానా తేదీకి ముందునుంచీ కుటుంబం ఈ రాష్ట్రంలో ఉందని చూపించాలి. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. దాఖలా వచ్చాక దాన్ని పరిశీలించే జాత్ పడతాళణి సంఘం ముందుకు వెళ్ళాలి. 1994లో మహారాష్ట్ర నుంచే వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ పరిశీలన పద్ధతిని నిర్దేశించింది, తర్వాత రాష్ట్రం చట్టమే చేసింది. ఆ చట్టం ప్రకారం రుజువు భారం పూర్తిగా అడిగేవాడిదే. తాత బడిలో చేరినప్పటి రిజిస్టరు ఉతారా, ఖాస్రా పహాణీ, పాత ఫేర్‌ఫార్, ఇలాంటివి తేవాలి.

ఎక్కడ నుంచి తేవాలి? 1956కు ముందు మీ ఊరు ఏ జిల్లాలో ఉండేదో మొదట చూసుకోండి. కిన్వట్, రాజురా వాళ్ళ పాత రెవెన్యూ కాగితం ఆదిలాబాదులో దొరికే అవకాశం ఉంది. జుక్కల్, భైంసా వాళ్ళది నాందేడులో ఉండవచ్చు. తాత బడి ఉర్దూ మాధ్యమం కావచ్చు, నమోదు మోడి లిపిలో (మరాఠీ పాత గొలుసుకట్టు రాతలో) ఉండవచ్చు, అప్పుడు అనువాదం జతచేయాలి. 2023లో కుణబీ కులం నమోదుల కోసం మరాఠ్వాడా అంతటా నిజాం కాలపు రికార్డులు తిరగేశారు. వాళ్ళు వెతికింది వేరే కులం కోసం. అయినా ఆ కట్టలు విప్పిన రోజుల్లో మా బజారులో చాలామందికి అవి ఉన్నాయనే సంగతి తెలిసింది.

పేర్ల గొడవ ఒకటి. తెలంగాణలో ఇంటిపేరు ముందు, ఇక్కడ చివర. ఇక్కడ తండ్రి పేరు మధ్యలో తప్పనిసరి. మా ఇంటిపేర్లకు మరాఠీలో ‘వార్’ తోక తగులుకుంటుంది. తాతకు లేదు, తండ్రికి ఉంది, మనుమడికి స్పెల్లింగు మారింది. ముగ్గురూ ఒకే వంశమని వంశవృక్షం రాసి ప్రమాణం చేయాలి. అది తీరిగ్గా చేసుకోవలసిన పని. ప్రవేశాల ముందు రోజు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్ళకు నేను మంచినీళ్ళు మాత్రమే ఇవ్వగలను.

భాష గురించి కూడా అడుగుతుంటారు. తెలుగులో అర్జీ ఇస్తే తీసుకోవాలా? రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఫిర్యాదు పరిష్కారం కోరుతూ ఏ అధికారికైనా, కేంద్రంలోనో ఆ రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇవ్వవచ్చు. కాబట్టి తెలుగు అర్జీని తీసుకోవలసిందే. జవాబు తెలుగులో ఇవ్వాలని మాత్రం అందులో లేదు. మహారాష్ట్ర అధికార భాష 1964 చట్టం ప్రకారం మరాఠీ. విచిత్రం ఏమిటంటే సమాచార హక్కు అర్జీకి ఈ సౌకర్యం లేదు. అది ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలని 6వ సెక్షను చెబుతుంది. అందుకని నేను మామూలు అర్జీ అయితే పెద్దవాళ్ళ మాటల్లోనే తెలుగులో రాసి, వెనుక మరాఠీ ప్రతి జతచేస్తాను. సమాచార హక్కు అర్జీ మరాఠీలోనే. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, ఒకే విషయం, నూట యాభై మాటలకు మించకుండా రాయాలన్నది ఈ రాష్ట్రం నియమం. ఆదిలాబాదుకో నిర్మల్‌కో పంపేదయితే తెలుగులోనే రాస్తాను, అక్కడ మన భాషే అధికార భాష. ఇక్కడ ఉంటూ అక్కడి కచేరీని అడగవచ్చా అని అనుమానపడతారు. దేశ పౌరుడైతే చాలు, ఏ రాష్ట్రం కచేరీనైనా అడగవచ్చు.

తెలుగులో సంతకం చెల్లుతుందా అని ఒక తాత అడిగాడు. చెల్లుతుంది. ఏ భాషలో చేసినా చెల్లుతుంది. “మరి వేలిముద్ర వేయమన్నారే?” అన్నాడు. ఆయన ఏడో తరగతి దాకా తెలుగు చదువుకున్న మనిషి. ఆ రోజు ఆయన చేత పెద్ద అక్షరాలతో మూడుచోట్ల సంతకం చేయించాను, ఒకచోటే అవసరమైనా.

ఇవన్నీ చేసినా కదలకపోతే హైకోర్టు. మాకు బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం. 226వ అధికరణం కింద, ఫలానా అర్జీ మీద నిర్ణయం తీసుకోమని అధికారిని ఆదేశించమని అడగవచ్చు. కానీ కోర్టు కూడా మొదట చూసేది, మీరు అధికారిని అడిగారా, ఆయన కాదన్నాడా లేక అర్జీ అలాగే ఉంచాడా, కింద ఉన్న అప్పీళ్ళు వాడుకున్నారా అని. అక్కడా ఆ ఆవక్ ముద్రే కావాలి. వకీలు ఫీజు భయం ఉన్నవాళ్ళు తాలూకా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవా కమిటీకి వెళ్ళండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. “మాకు చేను ఉంది కదా, ఇస్తారా?” అని అడిగే ఆడవాళ్ళకు నేను చెప్పి చెప్పి అలసిపోయాను. ఇస్తారమ్మా.

ఆవక్ గుమాస్తా అర్జీయే తీసుకోనంటే? అక్కడ నిలబడి పోట్లాడకండి. పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి అందినట్టు రుజువు కావాలని కౌంటరులో అడిగి తీసుకోండి. రసీదును అర్జీ నకలుకు పిన్ను కొట్టండి. జిరాక్సు కూడా తీసుకోండి, రసీదు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోతాయి.

లోక్‌షాహీ దినం, అంటే అధికారులు జనం ఫిర్యాదులు వినే రోజు గురించి ఈ నెల చాలామంది అడిగారు. జిల్లాలో కలెక్టరు దగ్గర మొదటి సోమవారం, తాలూకాలో మూడో సోమవారం. నేరుగా వెళ్ళి నిలబడితే వినరు. నిర్ణీత నమూనాలో పదిహేను రోజుల ముందే అర్జీ ఇవ్వాలి. కోర్టులో ఉన్న వ్యవహారాలు, రెవెన్యూ అప్పీళ్ళు, ఉద్యోగుల నౌకరీ తగాదాలు అక్కడ తీసుకోరు. మొదటి అర్జీ ఎప్పుడిచ్చారో చూపించాలి కాబట్టి ముద్ర పడిన ఆ ప్రతి వెంట ఉండాలి. నమూనా నా దగ్గర ఉంది, కచేరీ గోడ మీదా ఉంది. జిరాక్సు నా దగ్గరే తీయించుకోవాలని ఏమీ లేదు గానీ, పక్క దుకాణంలో స్టాంపు కాగితం మాత్రం కొనకండి.